చచ్చిన పాత పీసీని లేపే పెన్‌డ్రైవ్: ల్యాప్‌టాప్ లేకుండా ఫోన్‌తోనే ఎమర్జెన్సీ బూట్ డిస్క్

ఈసారి వీడియో హైదరాబాద్‌లో నా రూమ్ నుంచి కాదు, మా ఊరు గూడూరు నుంచి. మధ్యలో కోడి కూత వినిపిస్తే ఏమనుకోకండి. ఎడిటింగ్‌లో తీసేద్దామని చాలా చూశా, పోలేదు.

గూడూరు అనగానే అందరూ నెల్లూరు పక్కన గూడూరు జంక్షన్ అనుకుంటారు. అది కాదు. మాది మహబూబాబాద్ జిల్లా గూడూరు. నర్సంపేట నుంచి మానుకోట పోయే దారిలో వస్తది. భీమునిపాదం జలపాతం ఉంది కదా, అది మా మండలమే. నేను స్కూల్లో ఉన్నప్పుడు వరంగల్ జిల్లా అని రాసేవాళ్ళం, 2016లో జిల్లా మారింది.

దసరాకి వచ్చా. వచ్చే ముందే అమ్మ ఫోన్ చేసి చెప్పింది: "ఈసారన్న ఆ ల్యాప్‌టాప్ తేకు బిడ్డా, పండగ నాలుగు రోజులు మనిషిలెక్క ఉండు." సరే అని వట్టి చేతులతో వచ్చా. టెక్ వీడియోలు చేసేవాడి దగ్గర ల్యాప్‌టాప్ లేని రోజే ఇది జరగాలని రాసిపెట్టి ఉన్నట్టుంది.

మా మామకి, అంటే అమ్మ వాళ్ళ తమ్ముడికి, ఊళ్ళో ఫోటో స్టూడియో ఉండేది. చుట్టుపక్కల తండాల్లో పెళ్లి అంటే మామనే పిలిచేవాళ్ళు. అందరి చేతిలోకి ఫోన్లు వచ్చాక గిరాకీ తగ్గి 2018లో షట్టర్ దించేశాడు. స్టూడియోలో ఉన్న పీసీ ఇంటికొచ్చి, మీద ఒక టవల్ కప్పుకుని మూలకి కూర్చుంది. 2009లో కొన్నది. డ్యూయల్ కోర్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ ఎక్స్‌పీ.

పండగ ముందు రోజు ఒక అక్క వచ్చింది, పక్క తండా నుంచి. 2011లో వాళ్ళ పెళ్లికి ఫోటోలు తీసింది మామే. 2024 సెప్టెంబర్ 1న వానలు గుర్తున్నాయా? కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాలు గాల్లో వేలాడుతున్న వీడియోలు అందరం చూశాం. ఆ వానకి వాళ్ళింట్లో నీళ్ళొచ్చి పెళ్లి ఆల్బమ్ మొత్తం తడిసి పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయట. విడదీస్తే ముఖాలు ఊడొచ్చాయి. వాళ్ళ నాన్న చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఫోటో ఇంట్లో ఇంకొకటి లేదు. ఫోన్లో ఫోటోలు తీసుకునే కాలం రాకముందే పోయాడు. "అన్నా, నీ కంప్యూటర్ల ఉంటది కదా" అని అడిగింది.

మామ టవల్ తీసి స్విచ్ వేశాడు. ఫ్యాన్ తిరిగింది. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు: ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్. మళ్ళీ ఆన్ చేసినా అదే.

"అల్లుడా, జర ఇటు రా" అని పిలిచాడు. విషయం ఏంటంటే, ఇది ఆర్నెల్ల కిందటే ఇట్లా అయిందట. ఒక షాపుకి తీసుకుపోతే ఆయన చూసి "సీ డ్రైవ్ ఫార్మాట్ కొడదాం, డీ, ఈ డ్రైవ్‌లు ఎటూ పోవు" అన్నాడు. మామ ఎందుకో భయపడి వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ భయమే కాపాడింది. ఎందుకంటే నేను "పెళ్లి ఫోల్డర్లు ఎక్కడ పెట్టేవాడివి మామా" అని అడిగితే "అన్నీ డెస్క్‌టాప్ మీదనే" అన్నాడు. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే ఫ్రెండ్స్. మై డాక్యుమెంట్స్ కూడా అంతే. ఫార్మాట్ కొట్టి ఉంటే ఎన్ని ఇళ్ళ పెళ్లిళ్ళు పోయేవో. మరి కస్టమర్‌కి ఇచ్చిన సీడీ కాపీలు? అక్క దగ్గర ఉన్న సీడీ కూడా ఆ నీళ్ళలోనే పోయింది. మామ దాచుకున్న సీడీల మీద పొర లేచిపోయింది.

ఇప్పుడు అసలు మేటర్. ఆ మెసేజ్‌కి అర్థం ఏంటి? ఎక్స్‌పీని లేపే మొదటి ఫైల్ పేరు ఎన్‌టీఎల్‌డీఆర్. అది దొరకడం లేదు అంటోంది, అంతే. హార్డ్ డిస్క్ పోయింది అనట్లేదు. ఇంటి తాళంచెవి పోయింది, లోపల సామాను ఎక్కడిదక్కడే ఉంది. ఫార్మాట్ కొట్టడం అంటే గది ఖాళీ చేసి కొత్త సామాను పెట్టడం. మనకి కావాల్సింది వేరే తలుపులోంచి లోపలికి పోయి, ఏదీ కదపకుండా సామాను బయటికి తెచ్చుకోవడం. ఆ వేరే తలుపే ఎమర్జెన్సీ బూట్ డిస్క్. అంటే హార్డ్ డిస్క్‌లో ఉన్న విండోస్‌తో పని లేకుండా, బయటి నుంచి ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని తెచ్చి దాంతో పీసీని ఆన్ చేయడం.

ఇది కొత్త సంగతేం కాదు. విండోస్ 98లో కంట్రోల్ ప్యానెల్లోకి పోయి స్టార్టప్ డిస్క్ అని ఒకటి చేసుకునేవాళ్ళు. 1.44 ఎంబీ ఫ్లాపీ. మీరు ఫోన్‌తో తీసే ఒక్క ఫోటో కూడా మామూలుగా పట్టదు అందులో. కానీ అది పెడితే చచ్చిన పీసీ లేచేది. అందులో ఈబీడీ అనే పేరుతో ఒక ఫైల్ ఉండేది, ఎమర్జెన్సీ బూట్ డిస్క్‌కి పొట్టి పేరు. తర్వాత 2000లో జర్మనీ నుంచి నాపిక్స్ వచ్చింది. మొత్తం లైనక్స్ డెస్క్‌టాప్ ఒక సీడీ నుంచి నడిచేది, హార్డ్ డిస్క్ ముట్టుకోకుండానే. దాన్నే లైవ్ సీడీ అన్నారు. మన దగ్గర హైదరాబాద్‌లో స్వేచ్ఛ వాళ్ళు మెనూలతో సహా తెలుగులో ఉండే లైనక్స్ తయారు చేశారు. ఇప్పుడు సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, ఐడియా అదే.

చిక్కు ఎక్కడంటే, బూట్ పెన్‌డ్రైవ్ ఎట్లా చేయాలని వెతికితే ప్రతి వీడియోలో "మీ ఇంకో కంప్యూటర్‌లో రూఫస్ ఓపెన్ చేయండి" అంటారు. నా పాత వీడియోలో నేనూ అట్లాగే అన్నా. ఇంకో కంప్యూటర్ ఎక్కడిది? ఇంట్లో ఉన్నదే ఒకటి, అది చచ్చింది. మీలో చాలామంది పరిస్థితి కూడా ఇదే కదా, చేతిలో ఫోన్ ఒక్కటే ఉంటుంది. అందుకే ఫోన్‌తో చేశా.

కావాల్సినవి తక్కువే. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, అందులో ఉన్నది మొత్తం పోతుంది కాబట్టి ఖాళీది. ఫోన్‌కి పెన్‌డ్రైవ్ తగిలించే ఓటీజీ అడాప్టర్. ఆండ్రాయిడ్‌లో ఎట్చ్‌డ్రాయిడ్ అనే యాప్, ఫ్రీ, ఓపెన్ సోర్స్, ఫోన్ రూట్ చేయాల్సిన పని లేదు. ఇంకా లైనక్స్ ఐఎస్ఓ ఫైల్.

ఐఎస్ఓ దగ్గర నేనొక తెలివితక్కువ పని చేశా, దాచను. అలవాటు కొద్దీ ఉబుంటు కొత్తది డౌన్‌లోడ్ పెట్టా. 5 జీబీ పైన. నా డేటా అయిపోయి, అమ్మ ఫోన్ హాట్‌స్పాట్ కూడా అయిపోయి, సాయంత్రానికి దిగింది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బూట్ చేస్తే లోగో వచ్చి గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. అరగంట. 2 జీబీ ర్యామ్ దానికి ఏ మూలకి? అప్పటికి బతుకమ్మలు వేసి ఆడవాళ్ళందరూ ఇంటికి కూడా వచ్చేశారు. మామ ఏమీ అనలేదు గానీ, అత్త మాత్రం "సాఫ్ట్‌వేర్ జాబ్ ఇడిచిపెట్టింది ఇందుకేనా" అంది. నవ్వుతూనే అందిలెండి.

తర్వాత యాంటీఎక్స్ దింపా. ఇట్లాంటి ముసలి పీసీల కోసమే చేసిన లైనక్స్ ఇది. 32 బిట్, 64 బిట్ రెండూ దొరుకుతాయి, సైజ్ ఒకటి రెండు జీబీల మధ్యలో, 512 ఎంబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది. మీ పీసీ ఏ బిట్టో తెలియకపోతే 32 బిట్ తీసుకోండి, రెండిట్లోనూ లేస్తుంది. పప్పీ లైనక్స్ కూడా మంచిదే, ఇంకా చిన్నది. వీళ్ళ అఫీషియల్ సైట్ నుంచే దింపండి. టెలిగ్రామ్‌లో ఎవడో పెట్టిన "బూట్ డిస్క్ ఫుల్ వెర్షన్" జోలికి పోవద్దు, మీ హార్డ్ డిస్క్ మొత్తం దాని చేతిలో పెడుతున్నారు.

ఇంకోటి. చాలామంది ఐఎస్ఓ ఫైల్‌ని మామూలుగా కాపీ పేస్ట్ చేసి, "అన్నా బూట్ కావట్లేదు" అంటారు. కాదు. పీసీ పెన్‌డ్రైవ్‌లో ఫైల్ కోసం వెతకదు, మొట్టమొదటి సెక్టార్‌లో ఏం రాసి ఉందో చదువుతుంది. ఐఎస్ఓ లోపల ఉన్నదాన్ని మొదటి సెక్టార్ నుంచి ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్ మీద రాయాలి. ఎట్చ్‌డ్రాయిడ్ చేసేది అదే. ఫైల్ సెలెక్ట్ చేయి, పెన్‌డ్రైవ్ సెలెక్ట్ చేయి, పర్మిషన్ ఇవ్వు, రాయమను. విండోస్ ఐఎస్ఓకి ఈ పద్ధతి పనిచేయదు, లైనక్స్‌వి మాత్రమే.

రెండు జాగ్రత్తలు. కొన్ని ఫోన్లలో ఓటీజీ ఆప్షన్ సెట్టింగ్స్‌లోకి పోయి ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే దానంతటదే ఆఫ్ అయిపోతుంది. పెన్‌డ్రైవ్ కనిపించట్లేదంటే ముందు అది చూడండి. ఇక రాయడం అయిపోయాక "ఈ డ్రైవ్ సపోర్ట్ చేయదు, సెటప్ చేయండి" అని ఫోన్ నోటిఫికేషన్ ఇస్తుంది. అయ్యో పాడైందేమో అని దాన్ని నొక్కారంటే మళ్ళీ ఫార్మాట్ అయిపోతుంది. అట్లా రావడమే కరెక్ట్. పట్టించుకోకుండా తీసేయండి.

ఇప్పుడు పీసీ దగ్గరికి. పెన్‌డ్రైవ్ ముందున్న పోర్ట్‌లో కాదు, వెనక మదర్‌బోర్డుకి నేరుగా ఉన్న పోర్ట్‌లో పెట్టండి. ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండాలి. గిగాబైట్ బోర్డు అయితే ఎఫ్12, ఆసుస్ ఎఫ్8, ఎంఎస్ఐ ఎఫ్11, ఇంటెల్ బోర్డు ఎఫ్10, డెల్, లెనోవో ఎఫ్12, హెచ్‌పీ ఎఫ్9. యూఎస్‌బీ కీబోర్డ్ పలకకపోతే పాత గుండ్రని పిన్ను కీబోర్డ్ ఎవరి దగ్గరన్నా తెచ్చుకోండి. మామది మాత్రం బయటే ఆగిపోయింది. సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కు అంది. అంటే బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. వాచీలు బాగుచేసే కొట్లో దొరుకుతుంది, పెద్ద ఖర్చేం కాదు. మార్చాక తేదీ, టైమ్ సెట్ చేయండి. తేదీ 2009లో ఉంటే తర్వాత ఇంటర్నెట్‌లో ఏ సైట్ పెట్టినా సర్టిఫికెట్ తప్పంటుంది.

ఇక బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు కనపడదు. నేనూ మూడుసార్లు వెతికా. పాత బయోస్‌లో పెన్‌డ్రైవ్‌ని హార్డ్ డిస్క్ కిందే లెక్కేస్తారు. హార్డ్ డిస్క్ అన్న లైన్ మీదికి పోయి ఎంటర్ కొడితే లోపల ఇంకో లిస్ట్ వస్తుంది, అక్కడుంది. మరీ పాతవి, అసలు యూఎస్‌బీ నుంచి లేవనే లేవనివి కూడా ఉంటాయి, వాటికి అదే ఐఎస్ఓని డీవీడీ మీద రాయించుకోవాలి. అసలు డిస్‌ప్లేనే రాకపోతే అది బూట్ సమస్య కాదు. ప్లగ్ తీసేసి ర్యామ్ బయటికి తీసి, దాని బంగారు పళ్ళని పెన్సిల్ రబ్బర్‌తో రుద్ది పెట్టి చూడండి. సగం కేసులు అక్కడే అయిపోతాయి.

యాంటీఎక్స్ లేచింది. ఆ పీసీ స్క్రీన్ మీద రంగులు చూసి మామ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఫైల్ మేనేజర్‌లో సీ డ్రైవ్ కనిపిస్తోంది. ఓపెన్ చేస్తే డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, అందులో యూజర్ పేరు, అందులో డెస్క్‌టాప్. న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ 2, న్యూ ఫోల్డర్ 3... ముప్పై చిల్లర. పేర్లు పెట్టే అలవాటు మామకి లేదు. ఏ పెళ్లి ఎందులో ఉందో దేవుడికే తెలియాలి.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించి కాపీ పెట్టా. ఐదో ఫోల్డర్ దాకా బాగానే పోయింది. ఆరో దాంట్లో ఆగింది. ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. పీసీలోంచి సన్నగా టిక్, టిక్ అని సౌండ్.

ఇక్కడ వీడియో పాజ్ చేసి అయినా సరే ఇది వినండి. ఆ సౌండ్ వచ్చిందంటే డిస్క్‌లో కొన్ని సెక్టార్లు చెడిపోయాయని, తల అక్కడే చదవడానికి మళ్ళీ మళ్ళీ కొట్టుకుంటోందని అనుమానించాలి. బహుశా ఎన్‌టీఎల్‌డీఆర్ పోవడానికి కారణం కూడా అదే. ఇప్పుడు మీరు రీట్రై కొట్టేకొద్దీ ఉన్నది కూడా పోతుంది. వెంటనే కాపీ ఆపేశా. టక్ టక్ అని గట్టిగా వస్తూ డిస్క్ అసలు కనిపించకపోతే పీసీ ఆఫ్ చేసేయండి, ఇంట్లో చేసే పని కాదది, డేటా రికవరీ ల్యాబ్‌కి పోవాలి. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని చెప్పే వీడియోలు చూడకండి.

మాది అంత దూరం పోలేదు. దీనికి డీడీరెస్క్యూ అనే టూల్ ఉంది. ఇది ఫైల్ ఫైల్‌గా కాపీ చేయదు. డిస్క్ మొత్తాన్ని ఒక్క పెద్ద ఇమేజ్ ఫైల్‌గా తీస్తుంది. తెలివి ఎక్కడంటే, చెడిపోయిన చోట తల బాదుకోదు. వదిలేసి ముందుకి పోయి, బాగున్నదంతా ముందు తెచ్చుకుంటుంది. వదిలేసిన చోట్లు ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. చివర్లో తీరిగ్గా వెనక్కి వచ్చి వాటిని ప్రయత్నిస్తుంది. ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి పీసీకి నెట్ ఇచ్చి ఇన్‌స్టాల్ చేశా. ప్యాకేజీ పేరు వెతికేటప్పుడు ముందు ఒక "జీ" ఉంటుంది, జీడీడీరెస్క్యూ, అది మర్చిపోయి చాలామంది తప్పుది ఎక్కిస్తారు. కమాండ్ స్క్రీన్ మీద చూపించా. అందులో ముందు రాసేది పాత డిస్క్, తర్వాత రాసేది ఎక్కడికి కాపీ కావాలో ఆ చోటు. ఇది తిరగేసి రాశారంటే పాత డిస్క్ మీదే రాసేస్తుంది, ఇక ఎవరూ కాపాడలేరు. సైజ్ చూసి గుర్తుపట్టండి: మామది 160 జీబీ, ఎక్స్‌టర్నల్‌ది 1 టీబీ. నేను చీటీ మీద రాసుకుని, మామతో చదివించి, అప్పుడు ఎంటర్ కొట్టా. ఇంకా, ఎక్స్‌టర్నల్ డిస్క్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, అది ముందే చూసుకోండి.

రాత్రి తొమ్మిదిన్నరకి మొదలైంది. యూఎస్‌బీ 2.0 కదా, బాగున్న భాగానికే రెండు గంటలు పట్టింది. ఆ తర్వాత చెడిపోయిన చోట్ల మీద నత్తలాగా నడుస్తోంది. నేను అక్కడే చాప వేసుకుని పడుకున్నా. ఒంటిగంట దాటాక కరెంట్ పోయింది.

యూపీఎస్ ఉంది గానీ దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. చీకట్లో మామ గొంతు: "పోయినట్టేనా అల్లుడా?" పోలేదు. మ్యాప్ ఫైల్‌ని ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదే పెట్టించా కాబట్టి, కరెంట్ వచ్చాక అదే కమాండ్ మళ్ళీ కొడితే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైంది. కాకపోతే లైవ్ సిస్టమ్ ఉండేది ర్యామ్‌లోనే, ఇన్‌స్టాల్ చేసిన టూల్ కరెంట్‌తో పాటే పోయింది, దాన్ని మళ్ళీ ఎక్కించుకోవాల్సి వచ్చింది.

తెల్లారి చూస్తే కొన్ని ఎంబీలు తప్ప మొత్తం వచ్చింది. ఇక పాత డిస్క్‌ని ముట్టుకోలేదు. ఇమేజ్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి ఫోటోలన్నీ వేరే ఫోల్డర్‌లోకి తీశా. కొన్ని ఫోటోలు సగం దాకా బాగుండి కింద అంతా బూడిద రంగు వచ్చాయి. మధ్యలో సెక్టార్ పోతే అట్లా అవుతుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్ళకి ఒక్క మాట, పోయేలోపు చెప్పేస్తా. విండోస్ 10, 11లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే ఇట్లా పెన్‌డ్రైవ్‌తో లేపినా ఫైల్స్ తెరుచుకోవు, బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో పీసీ బాగున్నప్పుడే చూసి రాసిపెట్టుకోండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ కూడా ఆగిపోయింది, పాత పీసీలు మూలకి పెట్టేవాళ్ళు ఇంకా ఎక్కువవుతారు. పెట్టే ముందు డెస్క్‌టాప్ మీద ఏముందో చూడండి.

పండగ మర్నాడు అక్క వచ్చింది, కూతుర్ని తీసుకుని. ఆ పాప తాతని ఎప్పుడూ చూడలేదు. ఆమె పెళ్లి న్యూ ఫోల్డర్ 14లో దొరికింది, నాలుగు వందలకి పైగా ఫోటోలు. వాళ్ళ నాన్న ఎక్కడా ముందుకి రాలేదు. ఆయన కెమెరా చూస్తే పక్కకి తప్పుకునే మనిషట. ఒక ఫోటోలో దొరికాడు కానీ నడుము కింద అంతా బూడిద రంగు. ఇంకో గంట చూశాం. అప్పుడు ఒక గ్రూప్ ఫోటోలో, చివర్లో, తలపాగా, చేతిలో స్టీల్ చెంబు, ఎవరికో నీళ్ళు ఇవ్వబోతూ ఇటు తిరిగాడు. ఫోటో మొత్తం బాగుంది. అక్క స్క్రీన్ మీద వేలు పెట్టి పాపకి లంబాడీలో ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు.

నేను ఆయన ఒక్కడి ముఖం వరకు క్రాప్ చేసి, వెనక బ్యాక్‌గ్రౌండ్ మార్చి ఇస్తానన్నా. ఫోన్‌లో ఏఐ యాప్‌తో నిమిషం పని. అక్క వద్దంది. "చెంబు ఉండనీ తమ్ముడూ" అంది.

మామ ఆ మధ్యాహ్నమే నర్సంపేట పోయి ప్రింట్ కొట్టించాడు. ఎంతయిందని అక్క అడిగితే చెప్పలేదు. మిగిలిన ముప్పై చిల్లర ఫోల్డర్లకి ఇప్పుడు పేర్లు పెడుతున్నాడు, ఏ తండా, ఎవరి పెళ్లి, ఏ సంవత్సరం అని. కీబోర్డ్ చూసుకుంటూ ఒక్కో అక్షరం కొడుతున్నాడు, నిన్నటికి పదకొండు అయ్యాయి. పెన్‌డ్రైవ్‌కి దారం కట్టి పీసీ పక్కన మేకుకి తగిలించా.